ఫోన్‌లో దొరికితేనే దొరికినట్టు



మన స్వర్ణోత్సవ సంచికను అచ్చు వేయడంతో పాటు ఇంటర్నెట్‌లో కూడా పెట్టాలని సంఘం అనుకుంటోంది. ఇంజనీరును కాబట్టి ఆ సంగతి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. పెట్టడం తేలికే. పెట్టింది మనవాళ్లకు దొరకాలి, దొరికాక చదవరావాలి. అసలు పని అది.

లింగాల ఘనపూర్‌లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు తక్కువ. ఫోన్ లేని ఇల్లు మాత్రం వెతికితే గానీ దొరకదు. పదో తరగతి ఫలితాలైనా, భూమి వివరాలైనా, స్కాలర్‌షిప్ అయినా చూసేది అందులోనే. గూగుల్ ఈ మార్పును ముందే పసిగట్టింది. ఫోన్‌లో ఇబ్బంది పెట్టే పేజీల గురించి 2014 నుంచే సైట్ల నిర్వాహకులకు హెచ్చరికలు చూపింది. 2015 ఏప్రిల్ 21 నుంచి, ఫోన్‌లో వెతికేవాళ్లకు అనువైన పేజీలను ముందుకు తేవడం మొదలుపెట్టింది.

ఆ హెచ్చరికల్లో పెద్ద విద్యేమీ లేదు. అక్షరం మరీ చిన్నది. నొక్కాల్సినవి ఒకదానికొకటి అంటుకున్నాయి. పేజీ తెర దాటి పక్కకు పోతోంది. తెర వెడల్పును బట్టి సర్దుకొమ్మని పేజీకి చెప్పే ‘వ్యూపోర్ట్’ అనే వరుస లేదు. వేలు ఆనాలంటే సుమారు 9 మిల్లీమీటర్ల చోటు కావాలని లెక్క. మన తెలుగుకు ఇంకొకటి కలపాలి. ‘రాష్ట్రం’ అని రాస్తే కింద వత్తులు వేలాడతాయి. ఇంగ్లీషుకు సరిపోయిన సైజు, వరుసల మధ్య ఎడం మనకు చాలవు.

హెచ్చరిక వస్తే సైటు మొత్తం గల్లంతవుతుందని కొందరి భయం. అది నిజం కాదు. ఆ లెక్క పేజీ పేజీకి విడిగా ఉండేది. అడిగిన విషయం బాగా ఉన్న పేజీ, కాస్త ఇబ్బందిగా ఉన్నా పైకి రాగలదు. పెంబర్తి ఇత్తడి పని గురించి రెండు పేజీలు సమానంగా చెబితే, ఫోన్‌లో హాయిగా చదవగలిగేది ముందుంటుంది. అంతే తేడా.

దానికంటే పెద్ద మార్పు తర్వాత వచ్చింది. గూగుల్ ఇప్పుడు సైటును ఫోన్‌లో కనిపించే రూపంలోనే చదివి గుర్తుపెట్టుకుంటుంది. ఈ మార్పు పూర్తయిందని 2023 అక్టోబర్‌లో ప్రకటించింది. ఫోన్ పేజీలో లేనిది దాని లెక్కలోనే లేదన్నమాట. అదే ఏడాది డిసెంబర్‌లో ఆ హెచ్చరికల నివేదికను తీసేసింది. గంట కొట్టేవాళ్లు లేరని బడి మానేస్తామా? ఇక చూసుకోవాల్సింది మనమే.

ఇప్పుడు మన సంచిక సంగతి. డీటీపీలో అను ఫాంట్లతో కొట్టింది పీడీఎఫ్ చేసి పెడితే, కంటికి కనిపించేది తెలుగే, లోపల ఉండేది మాత్రం వేరే గుర్తులు. కాపీ చేసి చూడండి, పిచ్చిగీతలొస్తాయి. అందులో మన సార్ పేరు వెతికితే దొరకదు. పైగా పెద్ద కాగితానికి కట్టిన పేజీని ఫోన్‌లో వేళ్లతో లాగి లాగి చదవాలి. అందుకే మూడు మనవులు.

ఒకటి, ప్రతి వ్యాసాన్నీ యూనికోడ్‌లోకి మార్చి, విడి పేజీగా పెట్టాలి. రెండు, గ్రూపు ఫొటోల్లోని పేర్లను ఫొటో కింద అక్షరాల్లో రాయాలి, ఫొటోల బరువు తగ్గించాలి. మూడు, మన ఊరిని ‘లింగాల ఘనపూర్’ అనేవాళ్లున్నారు, ‘లింగాలఘణపురం’ అని రాసేవాళ్లున్నారు. రెండు రూపాలూ పేజీలో ఉండాలి.

అన్నీ అయ్యాక పరీక్ష పెట్టాల్సింది నాలాంటి ఇంజనీరు కాదు. రిటైరైన మన సార్ల చేతికి ఫోన్ ఇద్దాం. వైఫై లేకుండా, పేజీని పెద్దది చేయకుండా, వాళ్లు చదవగలిగితే పాసైనట్టు.

మనకు చదువు చెప్పి వెళ్లిపోయిన గురువుల్లో కొందరి గురించి ఈ సంచికలో తప్ప ఎక్కడా రాసి ఉండదు. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న వాళ్ల మనవరాలు ఒక రోజు ఫోన్‌లో తాత పేరు కొడుతుంది. ఆ పేరు దొరకాలి. దాని కోసం ఈ నెల రోజులు కష్టపడదాం. టైపింగ్ వచ్చినవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి.