పురుగులు పట్టుకునే కుర్రాడు

మీ ఇంట్లో ఎవరైనా వీడియో గేమ్ తయారుచేస్తానంటున్నారా? అయితే సతోషి తజిరి సంగతి వినండి.

జపాన్‌లో, టోక్యో శివార్లలో పెరిగాడు. చిన్నప్పుడు పురుగులంటే ప్రాణం. పట్టి తెచ్చుకునేవాడు, దాచుకునేవాడు. కాస్త ఎదిగాక వీడియో గేమ్‌ల పిచ్చి పట్టింది. 1983లో గేమ్ ఫ్రీక్ అనే ఆటల పత్రిక పెట్టాడు. చేత్తో రాసేవాడు, పిన్నులు కొట్టి అమ్మేవాడు. అవును, మొదలైంది కాగితం మీదే! తర్వాత ఆటలు చేయడం తనే నేర్చుకున్నాడు.

ఒకసారి, చేతిలో పట్టుకుని ఆడే రెండు గేమ్ బాయ్ యంత్రాలను కలిపే తీగ చూశాడు. అందులోంచి పురుగులు ఇటునుంచి అటు పాకుతున్నట్టు ఊహించుకున్నాడు. ఆ ఊహే 1996లో పోకెమాన్ అనే వీడియో గేమ్ అయింది. వింత జీవులను పట్టుకోవడం, స్నేహితుడితో మార్చుకోవడం. ఆటంతా ఆ చిన్ననాటి సరదాయే.

తజిరి కాగితంతోనే మొదలుపెట్టాడు కదా, మీ పిల్లలకూ ముందు కాగితం, పెన్సిల్ ఇవ్వండి. ఆట నియమాలు రాయమనండి. మీరే కూర్చుని ఆడి చూడండి. కంప్యూటర్ ఆ తర్వాత. పిల్లలు ఆటలు తయారుచేసుకునే స్క్రాచ్ అనే ప్రోగ్రామ్ ఉచితంగానే దొరుకుతుంది.