నది ఎండిన రోజు నష్టం ఎవరిది?



కరెంటు పోతే మగ్గం ఆగుతుంది. ఆ ఆగిన గంటల నష్టం యజమానిదా, కార్మికుడిదా? ఈ తగాదా కరెంటు రాకముందు నుంచీ ఉంది. అందుకే ఈవేళ ఇంగ్లండులోని ఒక పల్లె మిల్లు చరిత్ర చెబుతాను.

మాంచెస్టరుకు దక్షిణాన స్టయల్ అనే ఊళ్ళో, బోలిన్ నది ఒడ్డున, శామ్యూల్ గ్రెగ్ అనే వ్యాపారి 1784లో నూలు మిల్లు పెట్టాడు. పేరు క్వారీ బ్యాంక్. ఆ రోజుల్లో యంత్రాన్ని తిప్పేది నీరే. నీరు ఎక్కడ పారితే మిల్లు అక్కడే. 1820 నాటికి అక్కడ 32 అడుగుల చక్రం తిరిగేది.

నీరు దొరికింది గాని, ఆ పల్లెలో సరిపడా మనుషులు లేరు. అందుకని పేదల శరణాలయాల నుంచి పిల్లల్ని ఒప్పందం రాయించుకుని తెచ్చారు. వాళ్ళ కోసం 1790లో ఒక ఇల్లు కట్టారు. పనికి ప్రతిఫలం తిండి, బట్ట, నీడ. 1806లో థామస్ ప్రీస్ట్లీ అనే 13 ఏళ్ళ పిల్లవాడి వేలు యంత్రంలో పోయింది. తల్లిని చూడాలని అతడు మరో కుర్రాడితో కలిసి లండన్ పారిపోయాడు. మేజిస్ట్రేటు ముందు వాళ్ళు చెప్పిన వాంగ్మూలాలు ఈనాటికీ ఉన్నాయి.

వేసవిలో నది తగ్గితే చక్రం ఆగేది. నీటి మిల్లుల యజమానులు ఆ పోయిన గంటల్ని తర్వాతి రోజుల్లో అదనపు పనిగా రాబట్టేవారు. బాలకార్మికుల పనిగంటలకు హద్దు పెట్టిన 1833 చట్టం సైతం నీటి మిల్లులకు ఈ వెసులుబాటు ఇచ్చింది. అంటే నది ఎండితే అప్పు పడింది కార్మికుడే!

మన దేశంలో 1953లో పారిశ్రామిక వివాదాల చట్టంలో లే-ఆఫ్ పరిహారం చేర్చారు. కరెంటు కొరతతో పని ఆగినా, ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి మూల వేతనం, కరువు భత్యాల్లో సగం రావాలన్నారు. కాని బదిలీ కార్మికులనూ, 50 మంది లేని కార్ఖానాలనూ వదిలేశారు. మనలో ఎందరు ఆ గీతకు అవతల ఉన్నారో మీకే తెలుసు.

కనుక మస్టరులో పేరు ఎక్కించమని పట్టుబట్టండి. పని ఆగిన ప్రతి గంటా తేదీతో రాసి యూనియన్‌కు ఇవ్వండి. ఆ పిల్లల మాట కాగితం మీద ఉంది గనుకే ఈ రోజు మనకు వినబడింది. మన లెక్క కూడా కాగితం మీద ఉండాలి.