మందు మంచిదే, కాని ఎవరికి?

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



మన యిండ్లలో జ్వరము వచ్చినచో ముందుగా వెదకునది వైద్యుని కాదు, గూటిలోని మాత్రను. తండ్రికి గుణమిచ్చిన మాత్రను విరిచి బిడ్డకు, విరువకయే అవ్వకు ఇచ్చుట పరిపాటి. ఇందు ప్రేమయే కాని దురుద్దేశము లేదు. అయినను ఈ అలవాటు ప్రమాదకరము. ఎరువు వేయునపుడు నారుమడికెంత, ఎదిగిన పైరుకెంత అని మనము విచారింతుము. మనుష్య శరీరము విషయమున ఆ విచారణ మరింత అవసరము కాదా?

శిశువనగా చిన్న ఆకారముగల పెద్దమనిషి కాదు. మందును మార్చు కాలేయము, దానిని బయటికి పంపు మూత్రపిండములు పసికందులందు ఇంకను పరిపక్వము కావు. క్లోరాంఫెనికాల్ పెద్దల టైఫాయిడు జ్వరమును తగ్గించిన మందు. దానినే అప్పుడే పుట్టిన శిశువులకు హెచ్చు మోతాదున ఇచ్చినపుడు దేహము బూడిదరంగుకు మారి కొందరు మరణించిరి. 1959లో ఈ సంగతి వైద్యలోకమునకు వెల్లడియైనది. 1957లో పశ్చిమ జర్మనీయందు అమ్మకమునకు వచ్చిన థాలిడొమైడ్‌ను గర్భిణులు వేవిళ్లకు వాడిరి. 1961లో దానిని ఉపసంహరించునాటికి అనేక దేశములలో వేలకొలది శిశువులు కాలుసేతులు సరిగా ఏర్పడక జన్మించిరి. తల్లికి సరిపడిన మందు కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చునని అందరికిని తెలిసివచ్చినది.

ఇక మన గ్రామములలో నిత్యము వాడు పారాసిటమాల్‌ను చూడుడు. బిడ్డకు ఒక్కొక్క పర్యాయము కిలో బరువునకు 10 నుండి 15 మిల్లీగ్రాములు ఇత్తురు. 10 కిలోల బిడ్డకు 100 నుండి 150 మిల్లీగ్రాములు చాలును. సిరప్‌లో ఒక రకమునందు 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందు ఉండును. చుక్కల సీసాలో సాధారణముగా 1 మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుండును. అనగా చుక్కల మందు నాలుగు రెట్లు గాఢము. సిరప్ అనుకొని చుక్కల మందును 5 మిల్లీలీటర్లు పోసినచో, ఆ పసిబిడ్డకు పెద్దవారి 500 మిల్లీగ్రాముల మాత్ర మొత్తము ఇచ్చినట్లే. ఇట్లు పలుమార్లు జరిగినచో కాలేయము చెడును. కావున సీసాపై వ్రాత చదువవలెను. వంటింటి చెంచాతో గాక, సీసాతో వచ్చిన కొలతతోనే పోయవలెను.

నిమెసులైడ్‌ను 12 ఏండ్లలోపు పిల్లలకు వాడరాదని మన దేశమున 2011లో నిషేధించిరి. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గుమందు త్రాగి పిల్లలు మరణించినపుడు, 2 ఏండ్లలోపువారికి దగ్గుమందులు ఇయ్యరాదనియు, 5 ఏండ్లలోపువారికి సాధారణముగా తగవనియు కేంద్ర ఆరోగ్యశాఖ సూచించినది. నులిపురుగుల దినమున అంగన్‌వాడీలో 1 నుండి 2 ఏండ్ల బిడ్డకు ఆల్బెండజోల్ సగము మాత్ర, అంతకు పెద్ద పిల్లలకు పూర్తి మాత్ర ఇచ్చుట మీరెరిగినదే. ఈ వివేకమునే ప్రతి మందుకును వర్తింపజేయవలెను.

గర్భిణుల విషయమున మరింత జాగ్రత్త కావలెను. మలేరియాకు వాడు ప్రైమాక్విన్ గర్భిణులకును, ఏడాది నిండని శిశువులకును ఇయ్యరాదు. ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను గర్భము 20 వారములు దాటిన పిదప వైద్యుడు చెప్పనిదే వాడరాదు. అట్లని భయపడి మూర్ఛరోగమునకు వాడు మందును తటాలున మానుటయు ప్రాణాపాయమే. గర్భము తెలిసిన వెంటనే, వీలైనచో అంతకు ముందే, వైద్యుని అడిగి మార్చుకొనవలెను. తల్లికిచ్చిన ఇనుము మాత్రలను పసిపిల్లల కందకుండ దాచవలెను. అవి ఎక్కువగా మ్రింగిన బిడ్డకు విషమగును.

వృద్ధులలో మూత్రపిండముల శక్తి తగ్గును. మందు దేహమందు ఎక్కువసేపు నిలుచును. మధుమేహపు మాత్ర వేసికొని అన్నము తినని అవ్వకు చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. నిద్రమాత్ర మత్తులో రాత్రి లేచిన తాత పడి తుంటియెముక విరుగవచ్చును. నొప్పి మాత్రలు నిత్యము వాడినచో కడుపులో రక్తస్రావము కలుగవచ్చును. ఇద్దరు వైద్యులు వేర్వేరు పేర్లతో ఒకే మందు వ్రాయుటయు కలదు.

సభ్యులారా! ఆరోగ్యము పంచాయతీల బాధ్యతలలో నొకటియని రాజ్యాంగపు పదకొండవ షెడ్యూలు చెప్పుచున్నది. మందు వ్రాయుట వైద్యుని పని. దానికి దారి చూపుట మన పని. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ దినమున బరువుతూచు యంత్రము సరిగా పనిచేయుచున్నదో లేదో చూడుడు. వృద్ధులను వారి మందుల సంచితో సహా రప్పించి, ఏ.ఎన్.ఎమ్. గారికి చూపింపుడు. చీటీ లేనిదే ఎర్రగీతగల మందులు అమ్మవలదని దుకాణదారులకు నచ్చజెప్పుడు. పంచాయతీ గోడపై నాలుగు ప్రశ్నలు పెద్ద అక్షరములతో వ్రాయింపుడు: వయస్సెంత? బరువెంత? గర్భిణియా, పాలిచ్చు తల్లియా? ఇప్పుడు వాడుచున్న మందులేవి?

ఈ నాలుగింటికి సమాధానము చెప్పిన పిమ్మటనే మందు పుచ్చుకొను అలవాటు ఊరికి పట్టుబడినచో, ఏ తల్లియు తన చేతితో తన బిడ్డకు కీడు చేసికొనదు.