గాదెలోని గింజలు, క్లౌడులోని ఫైళ్లు



సభ్యుల జాబితాలను, చందా పద్దులను క్లౌడులో దాచు రోజులు వచ్చినవి. కావున ఆ విషయమునే మేము నేడు మనవి చేయుచున్నాము.

అమెజాన్ సంస్థ 2006లో ఆరంభించిన ఎస్3 అట్టి నిల్వ. అందలి పెట్టెను బకెట్ అందురు. ఫైళ్లను భద్రపరచుట దాని పని. వాటినుండి లెక్కలు తీయుట ట్రినో వంటి ప్రశ్నాయంత్రము పని. 2012లో ఫేస్‌బుక్‌లో ప్రెస్టోగా మొదలైన యంత్రమునకు దగ్గరి శాఖయే ఇది.

ఫైళ్లు ఉన్నచోటనే యుండును. యంత్రమే వాటిని వెదకికొని పోవును. దానికి మూడు సంగతులు తెలుపవలెను: ఫైళ్లు ఏ బకెట్టున గలవు, వాటిలో ఏయే వరుసలు గలవు, చదువుటకు అనుమతి యేది. మొదటి రెండింటిని మెటాస్టోర్ అను సూచిక చెప్పును. ఫైళ్లు పార్కే రూపమున నున్నచో, యంత్రము కావలసిన నిలువు వరుసలనే చదువును. కాలము, వ్యయము తగ్గును.

ప్రమాదమంతయు అనుమతియందే గలదు. అనుసంధానము కుదరలేదని విసిగి బకెట్టును లోకమునకెల్ల తెరచినచో, మన కుటుంబముల పేర్లు, చిరునామాలు వీధిని పడును. ఆ ఒక్క బకెట్టునకు, చదువుటకు మాత్రమే అనుమతి నిచ్చిన చాలును. గింజలు కొలుచువానికి గాదె చూపుదుము గాని, ఇంటి తాళపుచెవుల గుత్తి నంతయు ఇయ్యము గదా!