పిల్లల చదువు: మా ఇంట్లో జరిగిన పొరపాటు

(మండల మహాసభలో చేసిన ప్రసంగం)



పొద్దున్నుంచి గిట్టుబాటు ధరల గురించి, కౌలు కార్డుల గురించి మాట్లాడుకున్నాం. పిల్లల చదువు గురించి కూడా ఒక మాట చెబుతామంటే, ఇది సంఘం విషయమా అని కొందరు అడిగారు. మన అప్పుల చిట్టా తీసి చూడండి. ఎరువుల కొట్టు బాకీ పక్కనే కాలేజీ ఫీజు బాకీ ఉంటుంది. అందుకే ఇది సంఘం విషయమే.

మా ఇంటి సంగతే చెబుతాం. మావాడికి చిన్నప్పటి నుంచీ గొడ్లంటే ప్రాణం. గేదె ఈనుతుంటే రాత్రంతా కొట్టంలోనే ఉండేవాడు. పదో తరగతి అయ్యాక పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో చేరతానన్నాడు. అది రెండేళ్ల డిప్లొమా. "మేం జీవితమంతా పేడ ఎత్తింది చాలదా, నువ్వు కూడా ఎత్తుతావా?" అని వాడి నోరు మూయించాం. పక్కింటి అబ్బాయి కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, మావాడూ అదే చదవాలి అనుకున్నాం. హాస్టల్ కాలేజీలో ఎంపీసీలో వేశాం. ర్యాంకు రాలేదు. అరెకరం అమ్మి మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పించాం.

ఎప్పుడు అడిగినా బాగానే చదువుతున్నానని చెప్పేవాడు. నాలుగేళ్లు గడిచాక తెలిసింది, పదకొండు సబ్జెక్టులు తప్పాడని. ఎందుకు చెప్పలేదురా అంటే, "పొలం అమ్మి కట్టారు, ఏ మొహంతో చెప్పను నాన్నా" అన్నాడు. అరెకరం పోయిన బాధ ఆ రోజు మాకు గుర్తుకే రాలేదు. ఇన్నాళ్లూ బిడ్డ ఒక్కడే ఎంత నలిగిపోయాడో, ఏమైనా చేసుకుని ఉంటే మా గతేమిటో అని ఆ రాత్రి మా ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లూ మన పిల్లల్లాంటి వాళ్లే.

ఒక ఏడు మిర్చికి ధర వచ్చిందని మరుసటి ఏడు ఊరంతా మిర్చి వేసి మునగడం మనకు కొత్త కాదు. పిల్లల చదువు దగ్గరా అదే చేస్తున్నాం.

అమ్మాయి దగ్గర కొంచెం నేర్చుకున్నాం. ఇంటర్ అయ్యాక బీకాం చదువుతానంది. అదేం చదువు అని నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాం. ఏం నేర్పుతారు, చదివాక ఏ పని దొరుకుతుంది, ఎంత ఖర్చు అని మూడే అడిగాం. తెలియనివి కలిసి కనుక్కున్నాం. ఆ కోర్సు చదివిన ఇద్దరితో మాట్లాడించాం. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరింది, ఇప్పుడు రెండో ఏడాది. రేపు ఏమవుతుందో మేం చెప్పలేం. కానీ ఒక సబ్జెక్టు తప్పితే ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పింది. మాకు అది చాలు.

మేం తెలుసుకున్న నాలుగు విషయాలు చెబుతాం.

డబ్బు ఎంత పెట్టగలమో ముందే పిల్లలతో చెప్పాలి. "నీ కోసం పొలమైనా అమ్ముతాం" అనే మాట వాళ్ల నెత్తిన బండ అవుతుంది. నాలుగు లక్షల వరకు చదువు అప్పుకు బ్యాంకులు తాకట్టు అడగకూడదు. వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కే ముందు బ్యాంకుకు వెళ్లండి.

వ్యవసాయ డిగ్రీ సీట్లలో 40 శాతం రైతు కోటా ఉంది. కనీసం నాలుగేళ్లు పల్లెటూళ్లో చదివి ఉండాలి, ఇంటికి ఎకరమైనా భూమి ఉండాలి. పాస్‌బుక్, స్టడీ సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక తిరిగితే టైము చాలదు.

కోర్సు పడలేదని బిడ్డ మొదటి ఏడాదిలోనే చెబితే వినండి. ఒక ఏడాది పోతే మళ్లీ కూడదీసుకోవచ్చు.

బిడ్డ మాట్లాడడం మానేసినా, తిండి మానేసినా తిట్టకండి. దగ్గర కూర్చోండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సినవి మనం కలిసే అడగాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడితే సర్టిఫికెట్ల కోసం కాలేజీ మెట్ల మీద నిలబడేది మన పిల్లలే. బకాయి లేకుండా ఏ ఏటి డబ్బు ఆ ఏడే ఇవ్వాలి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో అధ్యాపకుల ఖాళీలు నింపాలి. సొంత భూమి లేని కౌలు రైతు బిడ్డకూ రైతు కోటా ఇవ్వాలి. దుక్కి దున్నేది వాళ్లే అయినప్పుడు ఆ ఎకరం నిబంధన ఎవరి కోసం?

కౌన్సెలింగ్ రోజుల్లో కాగితాలు చూసిపెట్టడానికి చదువుకున్న ఇద్దరు యువకులను సంఘం ఆఫీసులో కూర్చోబెట్టాలని కమిటీని కోరుతున్నాం.

మావాడు ఇప్పుడు పాల కేంద్రంలో పనిచేస్తూ, మిగిలిన సబ్జెక్టులు ఒక్కొక్కటే రాసుకుంటున్నాడు. ఈ మాటలు ఇక్కడ చెప్పమంటావా అని వాణ్ని అడిగే వచ్చాం. "చెప్పండి, ఇంకొకడికైనా పనికొస్తుంది" అన్నాడు.

ఇవాళ ఇంటికెళ్లాక మీ పిల్లల్ని కూడా అడగండి. వాళ్లు చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి.