టీ సెట్టూ, సమితీ
(స్వర్ణోత్సవ సభలో విశ్రాంత గణిత ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



పదో తరగతి లెక్కల్లో సమితుల పాఠం గుర్తుందా? సమితిని ఇంగ్లీషులో సెట్ అంటారని చెప్పగానే వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "మా అక్క పెళ్లికి టీ సెట్టిచ్చారు, అదేనా మాస్టారూ?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి వాణ్ణి కూర్చోబెట్టాను.

అది అడగాల్సిన ప్రశ్నేనని చాలా ఏళ్లకు నిఘంటువు తిరగేస్తే తెలిసింది. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే ఎక్కువ చోటు పట్టింది ఈ మూడక్షరాల మాటకే. క్రియగానే 400 పైచిలుకు అర్థాలు. సూర్యుడు అస్తమించినా, సిమెంటు గట్టిపడినా సెట్టే. రేడియో సెట్టు, సినిమా సెట్టు, హోటల్లో సెట్ దోసె సరేసరి. ఇవన్నీ ఒక్క వేరు నుంచి మొలిచినవీ కావు. కూర్చోబెట్టడం అనే పాత ఇంగ్లీషు క్రియ ఒకటి. వెంట నడిచేవాళ్లు అనే అర్థంలో లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది ఇంకొకటి. గుంపు అనే అర్థం ఈ రెండోదాని చలవే. మన సమితి మాత్రం తక్కువా? సంస్కృతంలో కలిసి రావడం. మండలాలు రాకముందు మీ నాన్నలకు సమితి అంటే బ్లాకాఫీసు.

గణితంలో నియమం ఒకటుంది. ఫలానాది అందులో ఉందా లేదా అంటే ఎవరు చూసినా ఒకే జవాబు రావాలి. అందుకే 'తెలివైన పిల్లలు' సమితి కాదు. ఈ ఉదాహరణ ఏటా చెప్పాను.

చెప్పి, నేనేం చేశాను? పబ్లిక్ పరీక్షల ముందు పాసయ్యేవాళ్లను గదిలో, మిగతావాళ్లను వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. జాబితా ఒక్క పూటలో రాసేశాను, కొంత మార్కులు చూసి, కొంత ఎవరు ఎదురు ప్రశ్నలు వేయరో చూసి. ఇంగ్లండు బడుల్లో ఇలా విడదీసిన జట్లను కూడా సెట్లే అంటారు. నిఘంటువులో ఆ అర్థం దగ్గర నా వేలు ఆగిపోయింది. టీ సెట్టు కుర్రాడిది చెట్టు కింద జట్టు.

పొద్దున టిఫిన్ల దగ్గర వాడు కనిపించి కాళ్లకు దండం పెట్టాడు. ఆ ప్రశ్న వాడికి గుర్తు లేదట. నాకుంది. నాయనా, ఎక్కడున్నావు? చెయ్యెత్తు. టీ సెట్టు కూడా సమితేరా. ఆ రోజే చెప్పాల్సింది.