పిల్లను పుట్టించే ముందు ముసలితనం సంగతి తేల్చుకోండి

జనవరి వచ్చిందంటే నాకు ఒకే తరహా ఫోన్లు. "డాక్టర్ గారూ, మా అమ్మాయి ఆన్‌లైన్‌లో గుర్రాల ఆట ఆడుతుంది. పోయినేడు నిజం గుర్రాన్నే కొనిపెట్టాం. ఇప్పుడు దానికి పిల్ల కావాలంటోంది." టెక్సాస్ నుంచి, ఒహాయో నుంచి, కరోలినాల నుంచి మనవాళ్లే అడుగుతున్నారు. కాలం కూడా అదే. ఫిబ్రవరి మధ్య నుంచి పందేలకు పెంచే థరోబ్రెడ్ గుర్రాలను దాటించడం మొదలవుతుంది. ఏ నెలలో పుట్టినా వాటికి జనవరి 1నే ఒక ఏడు పెరుగుతుంది కాబట్టి, పెంపకందార్లు డిసెంబరు నుంచే కొట్టాల్లో రాత్రి పొద్దుపోయేదాకా లైట్లు వేసి ఆడగుర్రాలను ముందుగా ఎదకు తెస్తారు.

నేను చెప్పేది ఒక్కటే. పిల్లను పుట్టించే ముందు, దాని ముసలితనం ఎక్కడ గడుస్తుందో తేల్చుకోండి.

పిల్లలు ఆడే హౌర్స్ లాంటి ఆటల్లో ఒక రోజు గడిస్తే గుర్రానికి రెండు నెలల వయసు. పదకొండు నెలల చూలు ఆరు రోజుల్లో తీరిపోతుంది. ఆ ఆటలు చెడ్డవని నేననను. వంశావళి చదవడం, మేత వేళకు వేయడం పిల్లలు అక్కడే నేర్చుకుంటున్నారు. కానీ ముసలి గుర్రాన్ని ఏళ్ల తరబడి సాకడం ఏ ఆటా నేర్పలేదు. పందెపు గుర్రం రెండో ఏట పరుగు మొదలుపెడితే, చాలావాటికి ఐదారేళ్లకే పందేలు ముగుస్తాయి. బతికేది పాతికేళ్లు, ఒక్కోసారి ముప్పై. అంటే బతుకులో ఎక్కువ భాగం విశ్రాంతే. ఆ భాగానికి మేత ఎవరు వేస్తారు?

2022 ఫిబ్రవరిలో ఒక తెలుగు కుటుంబం వాళ్ల గుర్రాన్ని చూడమని పిలిచింది. పందేలు మానేసిన థరోబ్రెడ్ ఆడగుర్రం. వెనక కాలు కొంచెం కుంటు. స్వారీకి ఎలాగూ పనికిరాదు, ఒక పిల్లనైనా తీసుకుందామని వాళ్ల ఆలోచన. పన్నెండేళ్లని చెప్పి అమ్మారట. పై పెదవి ఎత్తి చూశాను. లోపల పచ్చబొట్టు మొదటి అక్షరం హెచ్. ఆ అక్షరం గుర్రం పుట్టిన ఏడును చెబుతుంది, ఆ వరసలో 1997కు ఏ, 2004కు హెచ్. అంటే అప్పటికే పద్దెనిమిది. పళ్లు చూసినా అదే లెక్క, బాగా అరిగి ఉన్నాయి. ఒక్క కాన్పు కూడా లేదు. ఆ వయసులో తొలిచూలంటే చూలు నిలవడమే కష్టం, నిలిచినా ఈనేటప్పుడు తల్లికే ముప్పు.

ఆ అమ్మాయి నోట్‌బుక్ తెచ్చింది. ఏ పోతును దాటిస్తే ఏ రంగు పిల్ల రావచ్చో చక్కగా గీసుకుంది. "చాలా బాగా రాశావమ్మా, ఈ పిల్లకు ఇరవై ఏళ్లొచ్చినప్పుడు నువ్వెక్కడుంటావు?" అన్నాను. కాలేజీ, ఉద్యోగం, పెళ్లి, ఒక్కొక్కటే లెక్కపెట్టి ఆగిపోయింది. వాళ్ల నాన్నగారు, "అప్పటికి ఎవరికైనా ఇచ్చేద్దాం లెండి" అన్నారు. "ఎవరికండీ? ఒక్క పేరు చెప్పండి" అన్నాను. ఆయన దగ్గర పేరు లేదు. ఆ ఏడు దాటించలేదు. పిల్లకని దాచిన డబ్బు ఆ ఆడగుర్రం పళ్లకు, గిట్టలకు, గడ్డికి పెట్టారు.

పేరు ఎందుకు అడిగానంటే, ఫెర్డినాండ్ అనే గుర్రం సంగతి మనసులో ఉంది. 1986లో కెంటకీ డెర్బీ పందెం గెలిచింది, 1987కు హార్స్ ఆఫ్ ది ఇయర్. 1994లో సంతానం కోసం జపాన్‌కు అమ్మారు. అక్కడ చేతులు మారి, 2002లో కబేళాకు పోయిందని తేలింది. డెర్బీ గెలిచిన గుర్రానికే ఆ గతి పడితే, పేరు లేని గుర్రాల మాటేమిటి? అమెరికాలో గుర్రాల కబేళాలు 2007లో మూతపడ్డాయి, నిజమే. వేలంపాటల్లో కొని కెనడాకు, మెక్సికోకు తోలడం మాత్రం ఆ తర్వాతా సాగింది. అందుకే ముసలి గుర్రాన్ని ముక్కూమొహం తెలియనివాళ్లకు ఉచితంగా ఇవ్వకండి. కాగితం రాయించుకోండి, వాళ్ల కొట్టం కళ్లారా చూసి రండి.

మంచి పనీ జరిగింది. మైఖేల్ బ్లోవెన్ అనే పాత్రికేయుడు కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో ఓల్డ్ ఫ్రెండ్స్ అనే ఆశ్రమం పెట్టారు. 1997 డెర్బీ గెలిచిన సిల్వర్ చార్మ్‌ను 2014లో జపాన్ నుంచి అక్కడికే తిరిగి తెచ్చారు. ఇలాంటి ఆశ్రమాలను తనిఖీ చేసి గుర్తింపునిచ్చే థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్ 2012 నుంచి ఉంది. మీ అమ్మాయికి గుర్రం మీద అంత ప్రేమ ఉంటే, కొత్తదాన్ని పుట్టించకండి. పుట్టి, పరిగెత్తి, అలసిపోయినదాన్ని అలాంటి చోటునుంచి దత్తత తీసుకోండి.

సమయం లేదు, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇరవై దాటిన గుర్రానికి ఏడాదికి రెండుసార్లు పళ్లు చూపించండి. గడ్డి నమిలి ఉండలుగా ఉమ్మేస్తుంటే నానబెట్టిన దాణా పెట్టండి. చలికాలంలో గోరువెచ్చని నీళ్లు పెట్టకపోతే తక్కువ తాగి కడుపునొప్పి తెచ్చుకుంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించండి. ఎండాకాలం వచ్చినా బొచ్చు రాలకపోతే కుషింగ్స్ జబ్బేమో రక్తపరీక్ష చేయించండి, మందు ఉంది. ఇప్పటికే చూలుతో ఉంటే, ఈనాక గంటలో పిల్ల లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ఏది ఆలస్యమైనా వెంటనే డాక్టరును పిలవండి.

అమ్మలారా, అయ్యలారా, మళ్లీ అదే మాట. దాటించే ముందు ఒక కాగితం మీద రాయండి. ఈ గుర్రానికి పాతికేళ్లొచ్చినప్పుడు ఏ ఊళ్లో, ఎవరి కొట్టంలో, ఎవరి ఖర్చుతో ఉంటుందో రాయండి. ఆ మూడూ రాయలేకపోతే ఈ ఏడు దాటించకండి.